జరీ కాళ్ల కోడలు

మా నాన్న దగ్గర విద్య నేర్చుకున్నవాళ్లు మా జిల్లాలో రెండొందల మందికి తక్కువ ఉండరు. వాళ్లలో ఒక్కరికీ ఆయన నడుముకన్నా ఎత్తుగా కాలు లేపడం నేర్పలేదు. సరదాకి ఎవరైనా లేపినా ఊరుకునేవాడు కాదు. "ఆకాశంలో ఎవడున్నాడ్రా నీ శత్రువు?" అని అడిగేవాడు. ఆయన నవ్వకుండా అడిగేవాడు కాబట్టి ఎవరూ నవ్వేవారు కాదు.

మాది నువ్వుల నూనె ఆడే ఇల్లు. ముందు వాకిట్లో తిరగలి, నువ్వులు వేయించే పొయ్యి, నూనె తేల్చే పెద్ద ఇనప బాన ఉండేవి. వెనక పెరట్లో సాధన చేసే నేల. పొద్దున్నే శిష్యులు వచ్చి రెండు గంటలు చేసి వెళ్లాక పొయ్యి అంటించేవాళ్లం. మా ఇంటి విద్యని తాన్‌త్వెయ్ అంటారు. అందులో పన్నెండు వరుసలు. ప్రతి వరుసలోనూ తన్ను ఉంటుంది గానీ పాదం ఎదుటివాడి మోకాలు దాటదు. చీలమండ, కాలి ముందెముక, మోకాటి చిప్ప, అంతే. చూడ్డానికి ఏమీ ఉండదు. నీళ్లకి వెళ్లే ఆడవాళ్లు గోడ మీంచి తొంగిచూసి, "దాయ్ మాస్టారి పిల్లలు మళ్లీ బురద తొక్కుతున్నారే" అనుకుంటూ పోయేవారు.

అలాంటి ఇంటికి కోడలై వచ్చింది మా వదిన రుయ్‌లాన్. ఆమె పట్నంలో ప్రదర్శనల బృందంలో ఉండేది. రెండడుగులు పరిగెత్తి, కుడికాలి మీద గాలిలోకి లేచి, ఒక చుట్టు పూర్తిగా తిరిగి, ఆ తిరగడంలోనే పాదాన్ని అరచేత్తో ఫెళ్లుమని చరిచి, ఎడమకాలి మీద దిగేది. దాన్ని సుడిగాలి తన్ను అంటారు. ఆ ఒక్కదానికోసం జనం సైకిళ్లేసుకుని వచ్చేవారు.

మా అన్నయ్య లాయ్‌షెంగ్ ఆ బృందం వంటశాలకి నూనె డబ్బాలు వేసేవాడు. డబ్బాలు దించాక కిటికీ దగ్గర నిలబడి సాధన చూసేవాడు. ఒకరోజు వదినే బయటికి వచ్చి అడిగిందట.

"రోజూ కిటికీ పట్టుకుని వేలాడతావు. నూనె కోసమా, దొంగతనానికా?"

మా అన్నయ్యకి ఆడపిల్లలతో మాట్లాడ్డం రాదు. నేల చూస్తూ, "దిగేటప్పుడు మీ ఎడమ మడమ పూర్తిగా ఆనడం లేదు. పడతారేమోనని భయమేసి చూస్తున్నా" అన్నాడట.

పెళ్లయ్యాక వదిన నాతో చెప్పింది. "అందరూ పైకి లేచిన కాలు చూసేవాళ్లు మిన్‌జీ. నేలమీది కాలు చూసినవాడు మీ అన్నయ్య ఒక్కడే."

నాన్న పెళ్లికి అడ్డు చెప్పలేదు. కానీ ప్రదర్శన కోసం కాళ్లెత్తేవాళ్లని మావైపు జరీ కాళ్లంటారు. వదిన కాపురానికొచ్చిన మర్నాటినుంచీ ఆయన ఆమెని పేరు పెట్టి పిలవలేదు. "జరీ కాళ్లమ్మా, టీ ఉందా?" అనేవాడు. ఆమె "ఉంది మామయ్యా" అని తెచ్చేది. బృందంలోకి కొత్త పిల్లలు వచ్చాక ఆమె ప్రదర్శనలు వదిలేసింది, కానీ సాధన వదల్లేదు. నువ్వుల బస్తాల కొట్టు వెనక, ఎవరూ చూడని చోట దూకేది. తడిగుడ్డ విదిల్చినట్టు ఆ చప్పుడు మాత్రం ఇల్లంతా వినిపించేది.

రెండో నెలలో నాన్న కొట్టు వెనక్కి వెళ్లాడు. నేను వెనకాలే వెళ్లాను.

"నన్ను తన్ను," అన్నాడు.

"వద్దు మామయ్యా."

"తగిలితే కదా. తన్ను."

వదిన కాలెత్తింది. ఆమె పాదం ఆయన భుజం దాకా రాకముందే ఆయన కాలి బొటనవేలు ఆమె నిలబడ్డ చీలమండని తాకింది. ఆమె ఒరిగిపోతుంటే చొక్కా చెయ్యి పట్టుకుని నిలబెట్టాడు. మళ్లీ తన్నమన్నాడు. ఐదుసార్లు అలాగే జరిగింది. ఐదుసార్లూ ఆమెని పడనివ్వలేదు.

"చూడ్డానికి బాగుంటుంది కోడలా, పెళ్లిలో సన్నాయిలాగా. కానీ దెబ్బలాటకి సన్నాయి ఊదుకుంటూ ఎవరూ వెళ్లరు," అన్నాడు.

వదిన ముఖం ఎర్రబడింది. ఏడుస్తుందనుకున్నాను. "అయితే నేర్పండి," అంది.

"జరీ విప్పేస్తావా?"

"విప్పేస్తాను."

ఆ రోజునుంచి ఆమె దూకలేదు. ఆర్నెల్లు ఒక్క అడుగే నేర్పాడు, అడుగు ఎలా వెయ్యాలో, ఎక్కడ వెయ్యాలో. నేలమీద బూడిదతో నాణెమంత చుక్కలు పెట్టి, చూడకుండా వాటిమీదే బొటనవేలు పడాలనేవాడు. ఆ మరుసటేడు పాప పుట్టింది. పాపని నాకిచ్చి మళ్లీ చుక్కల మీదికి వెళ్లేది. ఒకసారి ధాన్యం గోదాం దగ్గర తాగినవాడొకడు ఆమె చెయ్యి పట్టుకుంటే, బూటు అంచు వాడి కాలి ముందెముక మీద పెట్టి కిందకి జార్చిందట. వాడు కూర్చుండిపోయాడు. ఆ సంగతి తెలిశాక నాన్న నాలుగు ప్రశ్నలు వేశాడు. ఏ కాలు? ఎక్కడ పెట్టావు? వాడు లేచాడా? నీ మడమ లేచిందా? సమాధానాలు విని, తలూపి, టీ తాగాడు. మా ఇంట్లో మెచ్చుకోవడమంటే అదే.

అలా ఏడేళ్లు గడిచాయి.

ఎనభై ఏడు వసంతంలో నాన్న తలుపు చెక్కలకి గుద్దుకోవడం మొదలుపెట్టాడు. టీ కప్పు పక్కన పోసేవాడు. జిల్లా ఆస్పత్రికి తీసుకెళితే నీటికాసులన్నారు. చూపు పక్కలనుంచి మూసుకొస్తోంది, పోయింది తిరిగి రాదు, ఉన్నది చుక్కల మందుతో కొన్నాళ్లు నిలుస్తుంది అన్నారు. వచ్చే చలికాలం దాకా ఉండొచ్చని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. నేను ఇంటికొచ్చి ఎలా చెప్పాలా అని చూస్తుంటే, "చలికాలం దాకా అన్నాడు కదూ? నాకు పోతున్నవి కళ్లు, చెవులు కాదు" అన్నాడు నాన్న.

ఆ తర్వాత పాఠాలు చేత్తో చెప్పడం మొదలుపెట్టాడు. శిష్యుడి మోకాలు పట్టుకుని, "ఇది ఇక్కడికి రావాలి" అనేవాడు. ఆ విద్యకి అదీ చాలు. ఎత్తులు లేవు, చుట్లు లేవు. చెయ్యి ఆనిస్తే అంతా తెలిసిపోయేది. ఈయనకి చూపు పోయినా పెద్ద తేడా ఉండదేమోనని అందరం అనుకున్నాం.

ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం, సేమ్యా తింటూ తింటూ నాన్న ఆగాడు.

"కోడలా, నీకా సుడిగాలి తన్ను ఇంకా వచ్చా?"

అన్నయ్య చేతిలో సేమ్యా తినే పుల్లలు గాల్లోనే ఉండిపోయాయి. వదిన పాప మూతి తుడుస్తోంది. తుడవడం ఆపి, "ఎందుకు మామయ్యా?" అంది.

"ఒకసారి చూద్దామని."

నాన్న గిన్నెలోకి చూస్తూ, "నేను నీదెప్పుడూ చూడలేదు. కొట్టు వెనక చప్పుడు విన్నా, అంతే. వద్దంటే వద్దు," అన్నాడు.

"నాకు ముప్పైమూడు మామయ్యా. దూకి ఏడేళ్లయింది. ఒక నెల ఇస్తారా?"

"నెల ఉంది," అన్నాడు నాన్న, సేమ్యా మళ్లీ అందుకుంటూ.

ఆ నెల మా ఇంట్లో ఎవరికీ నూనె మీద ధ్యాస లేదు. వదిన మళ్లీ కొట్టు వెనక్కి వెళ్లింది. మొదటివారం లేవడమే రాలేదు. రెండోవారం లేచింది గానీ చుట్టు సగంలోనే ఆగిపోయింది. సాయంత్రం అన్నయ్య ఉప్పు వేయించి గుడ్డలో కట్టి ఆమె మోకాటి మీద ఆనించేవాడు.

"మోకాలు పోతే?" అనేవాడు.

"నువ్వు నేలమీది కాలు చూసుకో. పైకాలు సంగతి నేను చూసుకుంటా," అనేది.

"పడితే?"

"పడితే నూనె రుద్దుదువుగాని. మన ఇంట్లో దానికేం కరువు?"

సెప్టెంబరు మొదట్లో వదిన సిద్ధమంది. నాన్న ఆ పొద్దున గడ్డం గీయించుకుని, ఉతికిన కోటు తొడుక్కుని, పెరట్లో పీట వేయించుకుని కూర్చున్నాడు. శిష్యుల్ని రావద్దన్నాడు. అన్నయ్య, నేను గోడపక్కన నిలబడ్డాం. వదిన తెల్ల చొక్కా వేసుకుంది. రెండడుగులు పరిగెత్తి లేచింది. ఫెళ్లుమంది. దిగింది. మడమ ఆనింది. నేను చప్పట్లు కొట్టబోయాను.

"ఊఁ, మొదలెట్టు," అన్నాడు నాన్న.

"అయిపోయింది మామయ్యా."

నాన్న కళ్లు చిట్లించాడు. "నాకు నేల కనిపించింది. చప్పుడయింది. మళ్లీ నేలే కనిపించింది," అన్నాడు.

అన్నయ్య అటు తిరిగి దగ్గాడు. వదిన పక్కున నవ్వేసింది. నాన్న కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు ఆయన ముఖంమీద ఎక్కువసేపు నిలవలేదు.

అప్పుడు నాకు తట్టింది. ఒక సాసరు తెచ్చి ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుని, "ఎంత దూరంలో ఉంటే ఇది మొత్తం కనిపిస్తుంది?" అని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని తన చేతి నిడివికి జరిపాడు. ఆయనకి మిగిలింది అంతే, చెయ్యి చాపితే సాసరంత. పాత పేపరు గొట్టంలా చుట్టి, అంతే కనిపించేలా సరిచేసి, పీటమీద కూర్చుని దాంట్లోంచి చూశాను. వదిన దూకితే నాకూ నేలే కనిపించింది. తల ఎత్తేసరికి ఆమె దిగిపోయింది.

పీట వెనక్కి జరిపాం. నలభై అడుగుల దూరానికి జరిపితే గొట్టంలో మనిషి మొత్తం పట్టింది. కానీ నాన్నకి అంత దూరం ఆనలేదు. "తెల్లగా ఏదో కొట్టుకుంటోంది. కోడలో, ఆరేసిన దుప్పటో తెలియడం లేదు," అన్నాడు. ఇరవై అడుగులకి వస్తే పోల్చుకోగలిగాడు గానీ సగం మనిషే పట్టింది. రెండురోజులు ఇలాగే పీట ముందుకీ వెనక్కీ మోశాం.

మూడోరోజు నాన్నే చెప్పాడు.

"పీట ఈ ఇరవై అడుగుల దగ్గరే ఉండనీ. నేను కోడలి వెంట చూపు తిప్పను. అక్కడ, రేగుచెట్టు కొమ్మ పక్కన ఖాళీగా ఉంది చూడు, దానిమీదే కన్ను పెట్టుకుని కూర్చుంటాను. కోడలా, నువ్వు అందులోకి రా."

వదిన ఆ ఖాళీని చాలాసేపు చూసింది. జానెడు ఇటయితే ఆయనకి భుజం తప్ప ఏమీ కనిపించదు. జానెడు కిందయితే జుట్టు తప్ప ఏమీ కనిపించదు. తర్వాత పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి, నేలమీద నాణెమంత చుక్క పెట్టింది. నేను పీటమీద గొట్టంతో కూర్చుని, "ఇంకా ఎడమకి. ఇంకా. కొంచెం ముందుకి," అని చెపుతుంటే, దూకుతూ, చుక్క చెరిపి మళ్లీ పెడుతూ, పొద్దెక్కేదాకా చూసుకుంది. చివరికి ఆమె కుడి బొటనవేలు ఏ చుక్కమీద పడితే ఆ ఖాళీలోకి సరిగ్గా వస్తుందో తేలింది. బృందంలో ఉన్నప్పుడు ఎక్కడ లేచినా సరిపోయేదట. అందరికీ అన్నివైపులా కళ్లుండేవి కదా అంది.

మర్నాడు గాలి లేదు. నాన్న పీటమీద కూర్చుని, ఆ ఖాళీమీద చూపు నిలిపి, "ఊఁ" అన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను, అందుకని తన్ను నేను చూడలేదు. పరిగెత్తిన అడుగులు విన్నాను. చప్పుడు వింటుండగానే ఆయన పెదాలు విడిపోయాయి.

చాలాసేపు అలాగే పైకి చూస్తూ ఉన్నాడు. ఆమె దిగి నిలబడ్డాక కూడా.

"మళ్లీ," అన్నాడు.

వదిన మళ్లీ దూకింది.

"మళ్లీ."

నాలుగోసారి ఆమె మోకాటి మీద కూలబడింది. అన్నయ్య పరిగెత్తాడు. నాన్న పీట తన్నుకుంటూ లేచి, చేతులు చాపుకుంటూ వెళ్లి, ఆమె తల దొరికాక దానిమీద చెయ్యి పెట్టాడు. "చాలు, చాలు. దురాశపడ్డాను," అన్నాడు.

అందరం నేలమీదే కూర్చున్నాం. అన్నయ్య మోకాలు నొక్కుతున్నాడు. నాన్న కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. మందువల్లా అని ఎవరం అడగలేదు.

"పైన ఉన్నప్పుడు ఎలా ఉంటుంది కోడలా?"

వదిన ఆలోచించింది. "ఏమీ ఉండదు మామయ్యా. బరువుండదు. అంతే."

"అన్న కూడా అదే అనేవాడు," అన్నాడు నాన్న.

మా పెదనాన్న పేరు వెన్‌జావ్. ముప్పై లీల అవతల, అంటే పదిహేను కిలోమీటర్ల దూరాన, అత్తవారి ఊళ్లో పియర్ తోటలు చూసుకుంటాడని, ఒక కాలు ఈడుస్తాడని మాకు తెలుసు. ఏటా శరత్కాలంలో అన్నయ్య ఆయనకి నూనె డబ్బా తీసుకెళ్లేవాడు. ఆయన పళ్ల బుట్ట పంపేవాడు. నాన్న మాత్రం వెళ్లేవాడు కాదు. అన్నదమ్ములు నా ఎరుకలో రెండు చావులకి కలిశారు, అప్పుడూ తలలు వంచుకునే ఉన్నారు. ఏదో పాత తగువు అనుకునేవాళ్లం. ఆ పొద్దున నాన్న చెప్పాడు.

"నాకప్పుడు పదిహేడు, అన్నకి ఇరవైరెండు. నాటకాలవాళ్ల దగ్గర చూసి అన్న ఎత్తు తన్నులు పట్టేశాడు. మీ తాత ఇంట్లో లేనప్పుడు పెరట్లో దూకేవాడు. నేను వాకిట్లో కాపలా. ఎవరైనా వస్తే దగ్గాలి. కాపలా కాసేవాణ్ని గానీ, కళ్లు పెరట్లోనే ఉండేవి. అన్నంత అందగాడు ఈ భూమ్మీద లేడనుకునేవాణ్ని. ఆ ఏడు తిరునాళ్లకి పోటీ అరుగు కట్టారు. అవతలివాడు ఎక్కడినుంచో వచ్చిన పొట్టివాడు, దుంగలా ఉన్నాడు. అన్న మన వరుసలే తంతున్నాడు. జనానికి విసుగొస్తోంది. నేను ముందుకు తోసుకెళ్లి, సుడిగాలి, అన్నా, సుడిగాలి అని అరిచాను. అన్న లేచాడు. దిగుతుంటే వాడు వంగి ఆ కాలు కొట్టాడు. అరుగు కింద కళ్లం తొక్కే రాతి గుండు ఉంది. దానిమీద పడ్డాడు. తుంటి పోయింది."

నాన్న చేతులు మోకాళ్లమీద పెట్టుకున్నాడు. "అరిచింది నేనని అన్నకి తెలుసో లేదో. ఎప్పుడూ అడగలేదు. అడగలేక వెళ్లడం మానేశాను."

వదిన ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు అడగండి మామయ్యా. ఆయన ముఖం కనిపించేటప్పుడే అడగండి."

మర్నాడు అన్నయ్య మూడు చక్రాల ట్రాక్టరు అడిగి తెచ్చాడు. వెనక గడ్డి పరిచి నాన్నని, కట్టు కట్టిన మోకాలితో వదినని, నూనె డబ్బాని ఎక్కించాం. పాపని పొరుగింట్లో వదిలి నేనూ ఎక్కాను.

పెదనాన్న తోటలో, తిరగేసిన బుట్టమీద కూర్చుని పళ్లు ఏరుతున్నాడు. డెబ్బైమూడేళ్లు. మేం దగ్గరికి రాకముందే ట్రాక్టరు చప్పుడు విని కర్ర ఊతగా లేచాడు.

"ఎవరది?"

"నేను," అన్నాడు నాన్న.

"నేనంటే?"

"గడపరాయిని."

అది నాన్న ముద్దుపేరట. చిన్నప్పుడు గడప దాటకుండా దానిమీదే కూర్చునేవాడని వాళ్లమ్మ పెట్టింది. మాలో ఎవరికీ అంతవరకు తెలియదు.

పెదనాన్న కర్ర ఈడ్చుకుంటూ దగ్గరికి వచ్చాడు. "ఇన్నేళ్లకి దారి తెలిసిందట్రా?"

"కళ్లు పోతున్నాయి అన్నా. పోయేలోగా నిన్ను చూద్దామని వచ్చాను."

"నన్ను చూడ్డానికేముందిరా, కుంటోణ్ని, ముసలోణ్ని. ఏదీ ఇటు తిరుగు. ఎంతమేర కనిపిస్తున్నాను?"

నాన్న ఆయన భుజాలు పట్టుకుని వెనక్కీ ముందుకీ జరిపాడు. "ముఖం పడుతోంది. చెవులు పట్టడం లేదు."

"అవి మొదట్నుంచీ పెద్దవేలే."

ఇద్దరూ ఒకే బుట్టమీద పట్టక, చెరో బుట్టమీద కూర్చున్నారు. నూనె, పంట, పోయినవాళ్లు, ఉన్నవాళ్లు అన్నీ అయ్యాయి. నాన్న చెప్పలేకపోతున్నాడని చూసి వదిన దగ్గింది.

"అన్నా, ఆ రోజు సుడిగాలి అని అరిచింది నేనే."

"తెలుసు."

"విన్నావా?"

"వెయ్యిమంది అరుస్తున్నారు. అయినా నీ గొంతు నాకు తెలీదట్రా?"

నాన్న తల వంచుకున్నాడు. "అందుకే లేచావు."

"పిచ్చోడా," అన్నాడు పెదనాన్న. తర్వాత నెమ్మదిగా వంగి ఎడమకాలి బూటు విప్పి, మేజోడు లాగి, ఆ పాదం తమ్ముడి ఒళ్లో పెట్టాడు. "తడిమి చూడు."

నాన్న వేళ్లు ఆ పాదమ్మీద పాకాయి. రెండు కాలివేళ్లు ఒకదానిమీదికి ఒకటి ఎక్కి, అలాగే అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇదెప్పుడు?"

"అరుగుమీదే. రెండో తన్నుకి. మూడో వరుసలోది, మనింటి తన్నే. వాడు లాగు లోపల వెదురు బద్దలు కట్టుకొచ్చాడు. నా వేళ్లు విరిగిన చప్పుడు నాకే వినిపించింది. ఇక ఆ కాలితో తన్నలేను. దానిమీద నిలబడి రెండోకాలితోనూ తన్నలేను. మిగిలిందల్లా కుడికాలి మీద పైకి లేవడమే. దిగేది మళ్లీ ఆ ఎడమకాలి మీదే అని తెలుసు. వాడు కొట్టకపోయినా పడేవాణ్నే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పనురా, నాన్నకా? మీ తన్ను తంతే నా వేళ్లు విరిగాయని? ఆయనకి ఉన్నవల్లా ఆ పన్నెండు వరుసలే. ఎత్తుకి ఎగిరి పడ్డాడంటే తప్పు నాది. లేకపోతే తప్పు విద్యది. నాదనుకోవడమే తేలికనిపించింది."

"నేను యాభై ఏళ్లనుంచీ..." అని ఆగిపోయాడు నాన్న.

"నువ్వు దాన్ని మింగుతూ కూర్చున్నావని నాకేం తెలుసు? కుంటోణ్ని చూడలేక రావడం లేదనుకున్నాను. తెలిస్తే కర్ర వేసుకుని నేనే వచ్చేవాణ్ని కదరా." పెదనాన్న పాదం వెనక్కి తీసుకోలేదు. "నువ్వు అరిచేసరికే నేను లేవాలనుకున్నాను. నొప్పికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అప్పుడు నీ గొంతు వినిపించింది. వీడొక్కడైనా నేను లేస్తానని నమ్ముతున్నాడు కదా అని సంతోషమేసింది. నిజం చెప్తున్నా. అంత ఎత్తు నేను మరెప్పుడూ లేవలేదు."

నాన్న ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. ఆ తిరునాళ్లనాటి నుంచి కింద తన్నే కాలే కాపాడుతుందని నమ్మి, రెండొందలమందికి అదే చెప్పినవాడు. ఆయన ఏమనుకుంటున్నాడోనని నాకు భయమేసింది. చాలాసేపటికి ముక్కు తుడుచుకున్నాడు.

"వేళ్లు వెనక్కి విరిచిపట్టావా, తన్నేటప్పుడు?"

"పట్టాను."

"పట్టలేదు. పడితే మడమ తగిలేది. వేళ్లెందుకు విరుగుతాయి?"

"నువ్వు చూశావా?"

"మూడో వరుసలో నీదెప్పుడూ అదే తప్పు. నాన్న వందసార్లు చెప్పాడు."

"వెదురు బద్దలున్నాయంటే వినవేం? మడమైనా విరిగేది."

"మడమ విరగదు."

"నీ కాలు తీసుకురా, నా కర్రతో చూపిస్తాను."

వాళ్లిద్దరూ గొంతులు పెంచుకున్నారు. అన్నయ్య కంగారుపడి లేవబోతే వదిన అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది. నాన్న నవ్వుతున్నాడు. అంత విరగబడి నవ్వడం నేను పుట్టాక చూడలేదు.

వాదన చల్లారాక పెదనాన్న వదినవైపు గడ్డం ఊపాడు. "జరీ కాళ్ల కోడలంటే ఈ పిల్లేనా? లాయ్‌షెంగ్ చెప్పాడు. అమ్మాయ్, ఒకసారి దూకి చూపించవూ."

"వద్దు, మోకాలు వాచింది," అన్నాడు నాన్న. "నాకోసం నాలుగుసార్లు దూకింది. నేను చెప్తాను, విను."

అని చెప్పడం మొదలుపెట్టాడు. వదిన అప్పుడే లేచి, కుంటుకుంటూ బోరింగు దగ్గరికి వెళ్లి పియర్ పళ్లు కడుగుతోంది.

"పరుగు రెండడుగులే. మూడోదానికి బొటనవేలు నేలని అడిగినట్టు తాకుతుందంతే, గుద్దదు. నేను ఖాళీవంక చూస్తున్నాను. ఏమీ లేదు. ముందు ఒక చెయ్యి వచ్చింది, తెరిచి ఉంది. దాని వెనక ముఖం. అన్నా, ఆ ముఖంలో శ్రమ లేదు. పళ్లు బిగించలేదు. నిద్రలేచినట్టుంది. అప్పుడు నడుము తిరిగింది. పాదం ఎక్కడినుంచి వచ్చిందో తెలియలేదు, వచ్చి చేతిలో పడింది. పడ్డాక కూడా ఆమె దిగలేదు. అక్కడే ఉంది. ఎంతసేపుందో తెలియదు. నీకన్నా బాగా చేసింది."

"నాకన్నానా?"

"నీకన్నా. నువ్వు గడ్డం పైకెత్తేవాడివి."

"అది నిజమే," అన్నాడు పెదనాన్న.

బోరింగు దగ్గర నీళ్లు ఆగిపోయాయి. వదిన చేతిలో కడిగిన పండు పట్టుకుని, మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. నేను వెళ్లి పక్కన నిలబడితే, "కళ్లలోకి నీళ్లు చిమ్మాయి మిన్‌జీ, అంతే" అంది. తర్వాత నాలుగు పళ్లు కోసి పళ్లెంలో పెట్టి తీసుకెళ్లింది.

"ఇదిగోండి మామయ్యా."

నాన్న పళ్లెం కోసం చెయ్యి చాపి, "కూర్చో రుయ్‌లాన్. ముందు నువ్వు తిను," అన్నాడు.

నవంబరులో మొదటి మంచు పడ్డ వారానికి ఆయన చూపు పూర్తిగా పోయింది. ఆ చలికాలం పెదనాన్న మా ఇంటికొచ్చి, కింద నిప్పు వేసిన వెచ్చటి అరుగుమీద తమ్ముడి పక్కనే పడుకున్నాడు. పొద్దున్నే ఇద్దరూ పెరట్లో గోడవార కూర్చుని, శిష్యుల అడుగుల చప్పుడుకి తప్పులు పట్టేవారు, ఒకళ్లు పట్టిన తప్పు రెండోవాళ్లు ఒప్పుకునేవారు కాదు. వసంతం వచ్చేసరికి వదిన దగ్గర పదకొండుమంది ఆడపిల్లలు చేరారు. నాన్న వాళ్లకి మొదటి ఆర్నెల్లు అడుగు నేర్పేవాడు. తర్వాత కొట్టు వెనక్కి పంపేవాడు.